మ్యూవాన్ గడియారం, భూమి గడియారం: రెండూ నెమ్మదిగా నడవడం ఎలా సాధ్యం?

ప్రశ్న (బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని, అనంతపురం)

అందరికీ నమస్కారం. మా మొదటి సెమిస్టర్ యాంత్రిక శాస్త్రం పేపరులో దృఢ వస్తువుల భ్రమణం, కేంద్రీయ బలాల వరకు కష్టపడైనా లెక్కలు చేయగలిగాను కానీ, ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతంలోని మ్యూవాన్ లెక్క దగ్గర ఆగిపోయాను.

10 కిలోమీటర్ల ఎత్తున పుట్టిన మ్యూవాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే కానీ దానికంటే బరువైన, త్వరగా క్షయమయ్యే కణం) కాంతి వేగంలో 0.998 వంతు వేగంతో కిందికి వస్తుంది. దాని సగటు ఆయుర్దాయం 2.2 మైక్రోసెకన్లే కాబట్టి పాత లెక్కన అది సుమారు 660 మీటర్లు వచ్చేసరికే క్షయం కావాలి. అయితే ఆ వేగానికి గామా (కదిలే గడియారం ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే గుణకం) విలువ 15.8 కాబట్టి, భూమి నుంచి చూసేవారికి దాని ఆయుర్దాయం సుమారు 35 మైక్రోసెకన్లకు పెరుగుతుందనీ, 33.4 మైక్రోసెకన్ల ప్రయాణాన్ని పూర్తి చేసే అవకాశం దానికి ఉంటుందనీ పుస్తకంలో ఉంది. ఇంతవరకు అర్థమైంది.

మ్యూవాన్ పక్షాన నిలబడి చూస్తే కదులుతున్నది భూమి కదా? దైర్ఘ్య సంకోచం (కదిలే వాటి పొడవు తగ్గడం) వల్ల ఆ 10 కిలోమీటర్లు 632 మీటర్లే అవుతాయి, ప్రయాణం 2.11 మైక్రోసెకన్లలో ముగుస్తుంది. అదే సమయంలో నేల మీది గడియారం 15.8 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది కనుక, అందులో 0.13 మైక్రోసెకను మాత్రమే గడవాలి. కానీ భూమి మీదివారు 33.4 గడిచాయంటున్నారు. మ్యూవాన్ నేలను తాకిన క్షణాన ఒకే గడియారం రెండు అంకెలు చూపించలేదు కదా! తరగతిలో అడిగితే ఇది పరీక్షకు రాదన్నారు.

జవాబు 1 (విశ్రాంత భౌతిక శాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, మీరు వేసిన అంకెలన్నీ సరైనవే. మీకు తెలియకుండానే ఆ లెక్కలోకి వచ్చి చేరిన ఒక ఊహ వల్ల ఈ చిక్కు వచ్చింది.

భూమి మీదివారు 33.4 మైక్రోసెకన్లను ఎలా కొలిచారో ముందు ఆలోచించండి. ఇందుకు ఒక గడియారం చాలదు. 10 కిలోమీటర్ల ఎత్తున ఒకటి, నేల మీద ఒకటి ఉంచి, రెండింటినీ తమ చట్రంలో, అంటే తాము స్థిరంగా ఉండి స్థానాన్ని, కాలాన్ని కొలిచే వ్యవస్థలో, ఒకే కాలం చూపేలా సరిచేసి పెట్టుకోవాలి. మ్యూవాన్ పుట్టినప్పుడు పై గడియారం సున్నా చూపింది, నేలకు చేరినప్పుడు కింది గడియారం 33.4 చూపింది. మ్యూవాన్ పుట్టిన క్షణాన కింది గడియారం కూడా సున్నా చూపుతోందని మీరు అనుకున్నారు. అది భూమి చట్రంలో నిజమే కానీ, మ్యూవాన్ చట్రంలో నిజం కాదు.

ఒక చట్రంలో సరిచేసిన రెండు గడియారాలు తమను కలిపే రేఖ వెంబడి కదులుతున్నట్లు మరొక చట్రం నుంచి చూస్తే, వెనుక వచ్చే గడియారం ముందు పోయే దానికంటే ఎక్కువ కాలాన్ని చూపుతుంది. ఎంత ఎక్కువో కావాలంటే, వాటి స్వంత చట్రంలో వాటి మధ్య దూరాన్ని వేగంతో గుణించి కాంతి వేగపు వర్గంతో భాగించాలి. మ్యూవాన్ దృష్ట్యా భూమి మొత్తం పైకి దూసుకొస్తోంది కాబట్టి, నేల మీది గడియారమే వెనుకది. 10 కిలోమీటర్లకు ఆ తేడా 33.27 మైక్రోసెకన్లు. అంటే, మ్యూవాన్ చట్రంలో అది పుట్టే క్షణానికే కింది గడియారం 33.27 చూపుతోంది. తరువాత అది మీరు చెప్పినట్లే నెమ్మదిగా నడిచి 0.13 మాత్రమే జోడించుకుంది. రెండూ కలపండి, 33.40 వస్తుంది.

కాల వ్యాకోచం (కదిలే గడియారం నెమ్మదించడం), దైర్ఘ్య సంకోచం అనే రెండు సూత్రాలనే బట్టీ పట్టి, రెండు సంఘటనలు ఒకే క్షణాన జరిగాయా లేదా అనేది చట్రాన్ని బట్టి మారుతుందన్న మూడో విషయాన్ని వదిలేసేవారు మూడు దశాబ్దాల బోధనలో నాకు ప్రతి ఏడాదీ కనిపించారు. లెక్క మొదలుపెట్టే ముందు సంఘటనలను పేరు పెట్టి రాసుకుని, ఒక్కొక్కదానికి స్థానం, కాలం ఇచ్చి, వాటిని లోరెంజ్ సమీకరణాలలో (ఒక చట్రంలోని స్థానం, కాలాలను మరొక చట్రానికి మార్చే సాపేక్షతా సూత్రాలలో) ప్రతిక్షేపించండి. రెండు సంఘటనలూ ఒక చట్రంలో ఒకే చోట జరిగినప్పుడే కాల వ్యాకోచ సూత్రాన్ని నేరుగా వాడవచ్చు.

న్యూటన్ యాంత్రిక శాస్త్రంలో చట్రాన్ని మార్చేందుకు వాడే గెలీలియన్ రూపాంతరణలో కాలం మారదని ఒక చిన్న సమీకరణం ఉంటుంది. యాంత్రిక శాస్త్రం చదివేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఐన్‌స్టీన్ 1905లో తీసేసింది దాన్నే. భ్రమణ చట్రంలో మిథ్యా బలాలను చేర్చేటప్పుడు ‘ఏ చట్రం నుంచి చూస్తున్నాను’ అని అడగడం మీకు అలవాటయ్యే ఉంటుంది కాబట్టి, ఇక్కడ కొత్తగా అడగవలసింది కాలం గురించే.

జవాబు 2 (ఎంఎస్సీ విద్యార్థి, హైదరాబాద్)

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదండీ. రోసీ, హాల్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1941లో అమెరికాలోని కొలరాడోలో వేర్వేరు ఎత్తుల వద్ద మ్యూవాన్లను లెక్కించి దీనిని పరీక్షించారు. 1963లో వెలువడిన ఫ్రిష్, స్మిత్‌ల ప్రయోగంలో, సుమారు 1,900 మీటర్ల ఎత్తున్న అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద గంటకు సగటున 563 మ్యూవాన్లు దొరికాయి. కాల వ్యాకోచం లేకపోతే సముద్ర మట్టానికి వచ్చేసరికి 30 దాకా మిగలాలి. దొరికినవి 412.

మన చిత్తూరు జిల్లా సరిహద్దు అవతల ఉన్న కోలారు బంగారు గనుల్లో కూడా, లోతుకు దిగేకొద్దీ మ్యూవాన్లు ఎలా తగ్గుతాయో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1960లలో కొలిచారు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. సంఘటనలు విడిగా రాసుకుని చేస్తే 33.40 నాకూ వచ్చింది. మరొక్కటి, వేగంతో ద్రవ్యరాశి పెరుగుతుందని మా పుస్తకంలో ఉంది, ఇంటర్నెట్‌లో చాలామంది అది తప్పంటున్నారు. దేన్ని నమ్మాలి?

జవాబు 1 (విశ్రాంత భౌతిక శాస్త్ర అధ్యాపకుడు)

అది రాసుకునే పద్ధతిలో తేడా. గామాను ద్రవ్యరాశితో కలిపితే ‘పెరిగే ద్రవ్యరాశి’ అవుతుంది. విడిగా ఉంచితే ద్రవ్యరాశి స్థిరంగా ఉండి, ద్రవ్యవేగానికి సూత్రమే మారుతుంది. నేను రెండోదే మంచిదంటాను, ఎందుకంటే మొదటి పద్ధతికి అలవాటుపడినవారు పెరిగిన ద్రవ్యరాశిని తెచ్చి న్యూటన్ గతిశక్తి సూత్రంలో ప్రతిక్షేపించి తప్పు జవాబు రాస్తుంటారు. పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్నట్లే రాయండి.

అభ్యాసానికి ఒకటి ఇస్తున్నాను. 0.5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కు న్యూటన్ సూత్రం ప్రకారం కాంతి వేగానికి 1.4 రెట్లు వేగం వస్తుంది. సాపేక్షతా సూత్రంతో చేస్తే ఎంత వస్తుందో చూడండి. 0.86 వంతు రాకపోతే, మీరు చేసిన మెట్లన్నీ ఇక్కడ రాయండి.