కుక్కకి మనుషుల హెయిర్ డై వేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

మా అక్క కూతురు ఈ సాయంత్రం మా తెల్ల పామరేనియన్ చెవులకి, తోకకి బ్లీచ్ పెట్టి, దాని మీద నీలం హెయిర్ డై వేసింది. గోరువెచ్చని నీళ్లతో చాలాసేపు కడిగాం. అయినా చెవి అంచు ఎర్రగా కందిపోయింది, ముట్టుకుంటే తల విదిలిస్తోంది పాపం.

అసలు టెన్షన్ తోక గురించే, ఆపకుండా నాకుతోంది. బ్లీచ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా, డైలో పీపీడీ అనే రంగు రసాయనం ఉన్నాయి. కుక్కల చర్మం మనకన్నా పల్చన. నాకితే నోరు, కడుపు కూడా దెబ్బతింటాయి. అందుకే మెడకి కోన్ (నాకకుండా ఆపే గరాటులాంటి కాలర్) పెట్టాం.

పొద్దున్నే డాక్టర్‌కి చూపిస్తాం. ఈలోగా రంగు అంటిన వెంట్రుకలు కత్తిరించేయడం మంచిదేనా? వాంతులు, చొంగ కాకుండా ఇంకేం కనిపిస్తే రాత్రే పరుగెత్తాలి? ఇలాంటిది చూసినవాళ్లు, పశువైద్యం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.