బోషాణంలో రాగి నాణెం దొరికింది: పదేళ్ళ పిల్లకు ఈ మోజు నిలుస్తుందా?

ప్రశ్న (గోదావరి ఆడపడుచు)

వేసవి సెలవులకు నరసాపురంలో మా అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళాం. బోషాణం సర్దుతుంటే అడుగున మా అమ్మాయికి ఒక రాగి నాణెం దొరికింది. ఇప్పటి పది రూపాయల బిళ్ళకంటే పెద్దది. ఒకవైపు తమలపాకులాంటి గుర్తు, దాని గదుల్లో ఇంగ్లీషు అక్షరాలు. రెండోవైపు డాలు బొమ్మ, 48 అనే అంకె, ఇంగ్లీషులో రూపాయి అన్న మాట. సంవత్సరం 1797.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరి జేబూ వదలడం లేదు, చిల్లరంతా ముందేసుకుని కూర్చుంటోంది. నాలుగు రోజుల ముచ్చట అంటారు మావారు. చింతపండుతో తోమితే తళతళలాడుతుందని మా అత్తగారు గిన్నె కూడా సిద్ధం చేశారు. వంద దేశాల నాణేల ప్యాకెట్టు ఆన్‌లైన్‌లో కొనిద్దామా అని నేను చూస్తున్నాను. ఇలా చిన్నప్పుడు మొదలుపెట్టి కొనసాగించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (పాత క్యాషియర్, తెనాలి)

అమ్మా, ముందు ఆ చింతపండు గిన్నె వంటింట్లోకి పంపించేయండి. రాగి మీద ఏళ్ళ తరబడి పట్టిన గోధుమరంగు పొర మురికి కాదు. పులుపు దాన్ని తినేస్తుంది. సేకరించేవాళ్ళు ఆ పొరనే చూస్తారు, తోమిన నాణేన్ని ముట్టుకోరు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డమీద ఆరనివ్వండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి, కొన్నాళ్ళకు పచ్చని జిగురు పడుతుంది. ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) కాగితం కవరు చాలు.

ఇక మీ నాణెం. అది మన ప్రాంతం కోసమే చేసినది. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల్లో చలామణీకని 1794లోనూ 1797లోనూ వీటిని తయారు చేయించింది. రూపాయికి 48. చేసింది ఇక్కడ కాదు, బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద. మీరు తమలపాకు అన్నది కంపెనీ సరుకు మూటల మీద వేసే ముద్ర. బర్మింగ్‌హామ్ నుంచి ఓడెక్కి వచ్చి నరసాపురం బోషాణంలో చేరిన నాణేన్ని పట్టుకుని పాప ఎగరక ఏం చేస్తుంది?

నా సంగతి అడిగారు కాబట్టి చెబుతాను. నాకు దొరికింది చిల్లు కాణీ. మా తాతగారి ఇంటి పెరటి తలుపు బోల్టు కింద వాషరుగా బిగించి ఉండేది. అప్పటికి అణాలూ నయా పైసలూ కలిసి తిరుగుతున్నాయి. 1957 ఏప్రిల్ 1న కొత్త లెక్క వచ్చింది. పావలాకు పాతిక పైసలు, అక్కడికి బాగానే ఉంది. అణాకు మాత్రం ఆరుంపావు రావాలి, కొట్టువాడు ఆరే ఇచ్చేవాడు. ఆ పావు పైసా ఎవరికి పోయిందని మా నాయనమ్మ వాడితో రోజూ తగువు పడేది. ఆ గోలలో నేను మేకు పెట్టి బోల్టు ఊడదీశాను.

చూస్తే మధ్యలో చిల్లు, ఒకవైపు కిరీటం. రాజుగారి ముఖం లేదు! మిగతా డబ్బుల మీదంతా ఉన్న రాజు దీనిమీద ఎందుకు లేడు? ఇంట్లో ఎవరూ చెప్పలేదు. బళ్ళో మాస్టారు చెప్పారు: యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి 1943 నుంచి ఇలా చేశారని, చిల్లు పడ్డాక ముఖానికి చోటెక్కడిదని. తర్వాత ఇంకో చిల్లు కాణీ దొరికితే దాని మీద చిన్న ‘ఎల్’ అక్షరం ఉంది. అది లాహోర్ టంకశాల గుర్తు. దేశం విడిపోకముందు మన తెనాలి సంతలో లాహోర్ డబ్బు తిరిగిందని నాకు చరిత్ర పుస్తకం కంటే ముందు ఆ కాణీయే చెప్పింది.

అందుకే ఆ ప్యాకెట్టు కొనవద్దంటాను. వంద నాణేలు ఒక్కసారి వచ్చి పడితే ఏ ఒక్కదాన్నీ ‘నువ్వెక్కడి నుంచి వచ్చావు’ అని అడగబుద్ధి కాదు. దానికి బదులు ఇంట్లో చిల్లరంతా పోసి, సంవత్సరం కింద గుర్తు చూడమనండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. బ్యాంకు కౌంటరు దగ్గర నేను ఉద్యోగమంతా ఆడిన ఆట ఇదే. ఒక్క నయాపైసా ఖర్చు లేదు. దొరికిన చోటు, తేదీ, అది ఎవరిదో చీటీ మీద రాయించండి. నాణెం మళ్ళీ కొనుక్కోవచ్చు, ఆ సమాచారాన్ని కొనలేం.

జవాబు (ఏటిగట్టు)

ఇలాంటి వాటికి లక్షలు వస్తాయంటున్నారుగా, అమ్మేసి పాప పేరున డిపాజిట్ వేయండి!

జవాబు (పాత క్యాషియర్, తెనాలి)

లక్షలు ఇస్తామని ఫోన్ చేసేవాళ్ళు ముందుగా ‘పన్ను’ కట్టమంటారు, అక్కడితో కథ కంచికి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పుకుని పాత నాణేల బేరాలు చేసేవాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరిక ఇచ్చింది. పాతదైనంత మాత్రాన ఖరీదైనది కాదు నాయనా.

జవాబు (ఇంగ్లండ్ నుంచి ఒక తెలుగువాడు)

కంపెనీ రాగి మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1808 నాటి మద్రాసు ‘కాష్’ అనే రాగి నాణేలు ఇక్కడ పాత నాణేల దుకాణాల్లో తేలిగ్గానే దొరుకుతాయి. వాటిని వేసుకుని మద్రాసు వెళ్ళాల్సిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోనే గుడ్విన్ శాండ్స్ అనే ఇసుకతిన్నెల దగ్గర మునిగింది. 1980లలో గజ ఈతగాళ్ళు ఆ నాణేలను గుట్టలుగా పైకి తీశారు. మీ పాప నాణెం చేరింది, నా దగ్గరున్నది చేరలేదు.

ఒక జాగ్రత్త: వందేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం. విదేశాల్లో ఉన్న బంధువులకు కానుకగా ఇచ్చి పంపకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. క్యాషియర్ గారూ, చిల్లర ఆట మొదలైంది. మావారి జేబులో నక్షత్రాలే ఎక్కువట. బోషాణంలో ఇంకొకటి కూడా దొరికింది. వెండిదిలా ఉంది, దాని మీద చార్మినార్ బొమ్మ. ఇంత దూరం గోదావరి జిల్లాకు నిజాం డబ్బు ఎలా వచ్చింది?

జవాబు (పాత క్యాషియర్, తెనాలి)

చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది, భూతద్దంతో చూడమనండి. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లిం క్యాలెండరు లెక్కలో ఉంటుంది. ఊరికే 622 కలిపితే కుదరదు, హిజ్రీ ఏడాది మనదానికంటే 11 రోజులు తక్కువ. 1330 అని ఉంటే ఇంచుమించు 1912 అనుకోండి.

అది మీ ఇంటికి ఎలా వచ్చిందన్నది మాత్రం నేను చెప్పలేను. మీ అమ్మమ్మగారి వైపు ఎవరైనా వరంగల్లో, ఖమ్మంలో పొగాకో బియ్యమో వ్యాపారం చేశారేమో పాపనే వెళ్ళి అడగమనండి. పెద్దవాళ్ళు ఓపికగా ఉన్న సాయంత్రం చూసుకుని అడిగితే మంచిది.