పర్లాకిమిడి పాత పెంకుటింట్లో పెద్ద సాలీళ్లు: కరుస్తాయా, ఎలా తగ్గించాలి?

పెంకుటిల్లు:
ఒడిశాలోని పర్లాకిమిడి శివార్లలో మట్టి-సున్నం గోడల పాత ఇల్లు. పైన నాటు పెంకు. చాన్నాళ్లు తాళం వేసి ఉంది. వానలు మొదలవ్వకముందే కాపురానికి వెళ్లాలి. ఇంట్లో నాలుగేళ్ల పాప, నెలల బాబు ఉంటారు. వంటగది గోడల మీద అరచేతంత సాలీళ్లు తిరుగుతున్నాయి. ఒకటి పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని ఉంది. పెరట్లో కట్టెల కుప్ప దగ్గర ఒళ్లంతా బొచ్చున్నది కూడా కనిపించింది. స్ప్రే కొడితే పరుగెత్తుతున్నాయి గానీ చావట్లేదు. పిల్లలకి ప్రమాదమా? తెలిసినవాళ్లు చెప్పండి.

బూజుకర్ర:
గోడ మీదవి గూడు కట్టని వేట సాలీళ్లండి. రాత్రిళ్లు బొద్దింకల్ని పట్టి తింటాయి. చేత్తో నలిపితేనో, బట్టల్లో ఇరుక్కుంటేనో కరుస్తాయి. కాసేపు నొప్పి, వాపు ఉంటాయి, అంతకు మించి ప్రమాదం లేదు. ఆ తెల్ల బిళ్ల గుడ్ల సంచి. అందులోంచి వందకు పైగా పిల్లలు వస్తాయి కాబట్టి ముందు దాన్నే పట్టండి: వెడల్పు మూత డబ్బా గోడకి బోర్లించి, వెనక నుంచి గట్టి అట్ట తోసి, బయట దూరంగా వదిలేయండి.

బొచ్చుది వేరు. తూర్పు కనుమల్లో టరంటులాలు అనే పెద్ద బొచ్చు సాలీళ్లు ఉన్నాయి. చెట్టు తొర్రల్లో ఉండే రకం కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాలు బిగుసుకుపోవడం ఉంటాయి. వానాకాలంలో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ తిరుగుతాయి, ఇళ్లలోకి వచ్చేది ఎక్కువగా అప్పుడే. చీపురుతో కొట్టబోవద్దు, మెరుపులా కర్ర మీదుగా పైకి ఎక్కేస్తాయి. కట్టెల కుప్పని గోడకి కనీసం రెండు మీటర్ల దూరం జరిపి, ఇటుకల మీద ఎత్తుగా పేర్చండి. తోలు చేతిజోళ్లు లేకుండా దుంగ కింద చెయ్యి పెట్టొద్దు.

స్ప్రే ఎందుకు పనిచెయ్యదంటే, సాలీడు బొద్దింకలా నేలకి పొట్ట ఆనించి నడవదు, కాలి కొసల మీద నడుస్తుంది. గోడకి పట్టిన మందు దాని ఒంటికి అంటేది తక్కువ. పైగా మందు తగిలి బెదిరినవి పక్కగదికి పోతాయి. తిండి తగ్గిస్తే అవే తగ్గుతాయి: రాత్రి అంట్లు, తడి గుడ్డలు వదలకండి, వీధి గుమ్మం దీపానికి పసుపు ఎల్‌ఈడీ వెయ్యండి. తెల్లదీపం చుట్టూ మూగే పురుగుల కోసమే సాలీళ్లు గుమ్మంలోకి చేరతాయి.

సున్నపుగోడ:
రాకపోకలు ఆపకుండా బూజు దులిపితే మళ్లీ వస్తాయి. గోడ పగుళ్లకి సిమెంటు పూయొద్దు. మట్టి గోడ తేమ బయటికి పోలేక ఏడాది తిరిగేసరికి పెచ్చులూడి, వెనక ఇంకా పెద్ద సందు పడుతుంది. ఊరబెట్టిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి, పగులు తడిపి, ఒక్కో పూత పది మిల్లీమీటర్లు దాటకుండా పెట్టండి. మూడు రోజులు తడి గుడ్డ కప్పి ఉంచాలి, లేకపోతే నెరలు విడుస్తుంది. సున్నం కళ్లలో పడితే చూపుకే ముప్పు, కళ్లద్దాలు పెట్టుకోండి.

తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీలకి సన్నటి దోమతెర బిగించండి. వాసాలకీ గోడకీ మధ్య సందులో దట్టంగా గుడ్డపీలికలు కుక్కొద్దు, అవే వాటికి గూళ్లవుతాయి. అక్కడా తెర ముక్క మేకులతో బిగించడమే మేలు.

వార్డుడ్యూటీ:
అసలు ముఖ్యమైన మాట చెప్తాను. "రాత్రి సాలీడు కరిచింది" అని వచ్చేవాటిలో చాలావాటికి సాలీడుతో సంబంధం ఉండదు.

నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే కట్లపాముగా అనుమానించాలి. కాటు కనిపించకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. మంత్రం, ఆకు పసరు అంటూ ఆలస్యం చేస్తే ఊపిరి ఆగుతుంది. వెంటనే 108 పిలవండి.

నొప్పి లేని నల్లటి పెచ్చు, దాంతో జ్వరం ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. అది పొదల్లో ఉండే చిన్న పురుగు పిల్లల వల్ల వస్తుంది. ఒడిశాలో ఉన్నదే, డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, డాక్టరుకి ఆ పెచ్చు తప్పక చూపించండి. ఒంటికి ఒక్క పక్కనే పట్టీలా మంటతో పొక్కులొస్తే అది సర్పి, సాలీడు పాకడం కాదు. మందు 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

నిజంగా సాలీడు కరిస్తే సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పదేసి నిమిషాలు పెట్టండి. కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు. కండరాలు పట్టేసినా, విపరీతంగా చెమటలు పట్టినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాముకి ఇచ్చే విరుగుడు మందు సాలీడుకి పనిచెయ్యదు.

పెంకుటిల్లు:
చాలా ఉపయోగంగా ఉందండి. మూలల్లో నాఫ్తలీన్ ఉండలు వెయ్యమంటున్నారు, వెయ్యొచ్చా?

వార్డుడ్యూటీ:
వద్దండి. సాలీళ్లు దానికి పోవు. పైగా పుట్టుకతో జీ6పీడీ (ఎర్రరక్తకణాల్ని కాపాడే ఎంజైము) లోపం ఉన్న పసిపిల్లలకి ఆ వాసనతోనే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. నెలల బాబు ఉన్న ఇంట్లో పెట్టెల్లోనూ ఉంచొద్దు. మంచం గోడకి జానెడు ఎడంగా వేసి, దోమతెర అంచు పరుపు కిందికి మడవండి. అది సాలీడుకీ కట్లపాముకీ రెండింటికీ అడ్డం.