“మొదట వెదకుడి”: ఇక్కడ మొదట అంటే వరుసా, స్థానమా?

తెనాలి కోడలు: బైబిల్లో మత్తయి 6:33, యేసు మాట, అందరికీ కంఠతా వచ్చిందే. “కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును.” మా అత్తగారి లెక్కలో మొదట అంటే ప్రార్థన అయ్యాకే పొయ్యి వెలిగించడం. నాకేమో ఏడింటికల్లా పిల్లల క్యారేజీలు కట్టాలి. ‘మొదట’ అంటే కాలమేనా, ప్రాధాన్యమా? భాష తెలిసినవాళ్లు చెప్పండి. ప్రసంగాలు వద్దు, అవి ఆదివారం వింటూనే ఉన్నాను.

నల్గొండ సారు: ‘మొదలు’ రెండు పనులూ చేస్తది. చెట్టు మొదలు, అసలు సొమ్ము, రెండూ అదే మాట. ‘మొదటికే మోసం’ అనంగ పోయేది మొదటి రూపాయి కాదు, అసలే. కానీ మా దిక్కు ‘మొదలు బువ్వ తిను’ అంటే వట్టి వరుస.

గోదావరి గట్టు: గ్రీకులో ఆ మాట ‘ప్రోతోన్’. కొండమీది ప్రసంగంలోనే అది ఇంకో రెండు చోట్ల ఉంది. 7:5లో మొదట నీ కంటిలోని దూలం తీసుకోమన్నాడు. 5:24 ఇంకా చిత్రం: అర్పణను బలిపీఠం ఎదుటే వదిలేసి, “మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము” అంటాడు. బలిపీఠం దగ్గర నిలబడ్డవాణ్ణి వెనక్కి పంపించే మొదట అది! పొయ్యి దగ్గర కోడలితో మాటా మాటా అనుకుని మోకాళ్లూనేవాళ్లు ఈ వచనం కూడా చదువుకోవాలి.

తెనాలి కోడలు: ఇది ఫ్యామిలీ గ్రూపులో పెట్టెయ్యనా?

గోదావరి గట్టు: వద్దమ్మా, నా మాట విను.

వాల్తేరు అనువాదకుడు: నా గొడవ ‘మొదట’తో కాదు, ‘అప్పుడు’తో. మూలంలో ఉన్నది ‘కై’, అంటే ‘మరియు’. ‘అప్పుడు’ అనేసరికి చెవికి బేరంలా వినిపిస్తుంది: నువ్విది చెయ్యి, అప్పుడు నేనది ఇస్తా. ‘అనుగ్రహింపబడును’ అన్న చోట మూలంలో ‘చేర్చబడును’ అనే అర్థం. ఇదే మాట లూకా 12:31లో చూడండి, అక్కడ మొదట అన్న మాటే లేదు. “మీరైతే ఆయన రాజ్యమును వెదకుడి, దానితో కూడ ఇవి” అని ఉంటుంది. ఆ ‘దానితో కూడ’ నాకు చాలా ఇష్టం.

ఇంకొకటి. మత్తయిలోనే దీనికి పై వచనంలో (6:32) అన్యజనులు వీటి విషయమై ‘విచారింతురు’ అన్నారు కదా, గ్రీకులో అక్కడా వెదకడమే. వాళ్లు తిండీ బట్టా వెదుకుతారు, మీరు రాజ్యాన్ని వెదకండి అనే పోటీ తెలుగులో తెగిపోయింది. అది తెగిపోబట్టే ‘అవన్నియు’లోకి వీసా, ప్లాటు, ప్రమోషను వచ్చి చేరాయి. చర్చిలో చెప్పే సాక్ష్యాల్లో వింటూనే ఉంటాం. యేసు చెప్పిన జాబితాలో తినేది, తాగేది, కట్టుకునేది తప్ప మరేమీ లేవు.

నల్గొండ సారు: బాగుంది గానీ వరుసను అంత తేలికగ కొట్టెయ్యకుర్రి. సారెపతు విధవరాలి దగ్గర ఉన్నది పట్టెడు పిండి. ఏలీయా ప్రవక్త నాకు మొదట చిన్న అప్పం చేసి తెమ్మన్నడు, తర్వాత నీకూ నీ బిడ్డకూ అన్నడు. అది అచ్చంగ వరుసే. సామెతలు 3:9లో ప్రథమఫలం కూడ అంతే, మిగిలినంక ఇచ్చేది కాదు. ‘దేవునికి మొదటి స్థానం’ అని నోటితో అనుడు సులువు. జీతం పడ్డ రోజు వరుస అడిగితే తెలుస్తది.

వాల్తేరు అనువాదకుడు: ఒప్పుకుంటాను. అయితే ‘వెదకుడి’ గ్రీకులో ఒక్కసారితో అయిపోయే క్రియ కాదు, వెదకుతూనే ఉండండి అని. పొద్దున అరగంటతో చెల్లుబాటయ్యేది కాదు. క్యారేజీ కడుతూ కూడా చెయ్యొచ్చు.

చీరాల కిరాణా: ఇంతసేపూ ‘నీతిని’ అన్న మాట ఎవరూ ముట్టుకోలేదేం? నాకు చిక్కల్లా దాంతోనే. కొట్టు తెరవగానే ప్రార్థన చేస్తాను, ఇబ్బంది లేదు. తర్వాత తూకం మొదలవుతుంది. ఆ ‘మొదట’ నీతికి కూడా వర్తిస్తుందా?

గోదావరి గట్టు: రాజ్యమును, నీతిని, రెండింటికీ క్రియ ఒకటే అండి. వర్తిస్తుంది. దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1లో ఉన్న సంగతి మీకు తెలిసిందే.

చీరాల కిరాణా: తెలుసు కాబట్టే అడిగాను.