వార్డులో కట్టబోయే కొత్త ఇళ్లు: షేర్‌వాలా, ఇటుక గోడా?

వార్డు కుర్రోడు:
మా వార్డులో పాకలు తీసేసి అదే స్థలంలో జీ ప్లస్ త్రీ, అంటే కింద అంతస్తు మీద ఇంకో మూడు, కడతారట. ఇల్లు 430 చదరపు అడుగులు. అల్యూమినియం అచ్చులు (షట్టరింగ్) పెట్టి గోడలూ స్లాబూ ఒకేసారి కాంక్రీటుతో పోసే షేర్‌వాల్ పద్ధతి అని సభలో చెప్పారు. సగం మంది ఇటుక గోడలే కావాలని కూర్చున్నారు. వచ్చే వారం మళ్లీ సభ ఉంది. ఏం అడగమంటారు?

సైటింజినీర్:
నా పనే ఇది కాబట్టి చెబుతున్నా. ముందు రెండింటినీ కలిపేయకండి. ఫ్యాక్టరీలో పలకలు పోసి, లారీలో తెచ్చి, క్రేన్‌తో నిలబెట్టి అతికేది ప్రీకాస్ట్. చెన్నై పెరుంబాక్కంలో కేంద్రం చేపట్టిన లైట్ హౌస్ ప్రాజెక్టు కింద 1,152 ఇళ్లు అలా కట్టారు. 2021 జనవరిలో శంకుస్థాపన, 2022 మేలో ప్రారంభోత్సవం. రాంచీలో అయితే గదికి గదే పోసి తెచ్చి పేర్చారు. మీ దగ్గర వచ్చేది వేరు. గోడ సైట్‌లోనే పోస్తారు, అచ్చులు మాత్రం అవే మళ్లీ మళ్లీ వాడతారు. ఆంధ్రాలో పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు ఇలా కట్టినవే.

ఇక భద్రత. 2001లో భుజ్ భూకంపానికి అంత దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి. కింద పార్కింగ్ వదిలి ఉత్త స్తంభాల మీద లేపినవి చాలా ఉన్నాయి వాటిలో. 2024 డిసెంబరు 4న తెలంగాణలోని ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వస్తే విజయవాడలో జనం రోడ్ల మీదికి వచ్చారు. గోడా స్లాబూ ఏకంగా ఉన్న కట్టడం అలాంటప్పుడు నిలబడుతుంది. ఇటుక అడిగేవాళ్లకి ఇది చెప్పండి.

మూడో అంతస్తు లక్ష్మి:
మేం ఉంటున్నది అలాంటి ఇంట్లోనేనండి, వేరే ఊళ్లో. భూకంపం సంగతి దేవుడెరుగు, గోడకి మేకు దిగదు. మా అత్తగారి ఫొటో ఫ్రిజ్ మీద పెట్టి దండ వేస్తున్నాం. ఎండాకాలం రాత్రి భోజనాలయ్యాక కూడా పడమటి గోడ మీద చెయ్యి పెట్టలేం. మంచం గోడకి జానెడు ఎడంగా జరుపుకుని పడుకుంటాం.

సైటింజినీర్:
మేకు ఎందుకు కొడతారు లక్ష్మి గారూ? హ్యామర్ డ్రిల్, ఆరు ఎంఎం బిట్, ప్లాస్టిక్ గట్టా, స్క్రూ. రెండు నిమిషాల పని. మేకు దిగలేదంటే కాంక్రీటు బాగుందనే అర్థం.

తాపీ వెంకన్న:
ఆ డ్రిల్లు వాడి కరెంటు పైపు పగలగొట్టినోళ్లని నేను చూశాను. లోపల ఏ పైపు ఎటెళ్లిందో ఎవడికి తెలుసు? ఇటుక గోడైతే గాడి కొట్టి, సరిచేసి, మాలు పూసేస్తాం. మా పేటలో తాపీ పనోళ్లం అందరం ఖాళీగా కూర్చున్నాం సార్. ఈ అచ్చులొచ్చాక ఇటుక పనీ లేదు, ప్లాస్టరింగూ లేదు. విజయవాడ పక్క ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం బూడిదతో ఇటుకలు బోలెడు తయారవుతున్నాయి కదా, వాటితో కడితే ఇల్లూ చల్లగుంటుంది, నలుగురికీ కూడూ దొరుకుతుంది.

లొల్లి వద్దు:
మేకు కాడనే ఆగిన్రు గద అందరు 😂

సైటింజినీర్:
వెంకన్న గారూ, మీ బాధ నిజమే కానీ అది గోడ బలానికి జవాబు కాదు. వేడి కూడా గోడది కాదు, పైకప్పుది. లక్ష్మి గారిది చివరి అంతస్తు. స్లాబుకి ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో దీనికి పాలసీయే తెచ్చింది.

నీడపట్టున:
పైకప్పు ఒక్కటే కాదు సార్. నాలుగంగుళాల కాంక్రీటు గోడ, తొమ్మిదంగుళాల ఇటుక గోడ కంటే ఇంచుమించు రెట్టింపు వేడిని లోపలికి వదులుతుంది. ఇళ్లలోకి ఎంత వేడి రానివ్వచ్చో చెప్పే కేంద్రం కోడ్ ఉంది, ఎకో నివాస్ సంహిత, 2018లో వచ్చింది. పైకప్పు తీసేసి మిగతా గోడలూ కిటికీలకు చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. కుర్రోడూ, నువ్వు సభలో ఆ లెక్క చూపించమను. పడమటి కిటికీలకు సన్‌షేడ్లు అచ్చులోనే ఉన్నాయా అని కూడా అడుగు. పోశాక అతికిస్తామంటే నమ్మకు.

పాత పేపర్లు:
ప్యానెళ్ల ఇళ్లంటే 1968లో లండన్ రోనన్ పాయింట్ గుర్తు రావాలి. 18వ అంతస్తులో గ్యాస్ పేలితే 22 అంతస్తుల భవనం మూల మొత్తం జారిపోయింది. నలుగురు పోయారు.

సైటింజినీర్:
అది అతుకుల ప్యానెళ్లు! మొదటి పోస్టులోనే రెండూ వేరని రాశాను, ఎవరూ చదవరు. మీ అందరికీ అసలు ప్రమాదం ఏదో చెప్పనా? మా సైట్‌లో తాళాలు ఇచ్చిన ఏడాదిలోపే కింద అంతస్తులో ఒకావిడ రోడ్డు వైపు గోడ కోయించి షాపు గుమ్మం పెట్టించింది. పై మూడు అంతస్తుల బరువు ఆ గోడ మీదే ఉంది. ఇల్లు చేతికిస్తే ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడం కూడా చేతకాదు మనవాళ్లకి.

మూడో అంతస్తు లక్ష్మి:
చేతకాకపోవడం ఏమిటండీ? ఇప్పుడు బయటపడింది మీ కోపం. మేకు కొట్టొద్దు, గోడ ముట్టొద్దు, బట్టలు ముందు ఆరేయొద్దు. పాకలో ఉన్నప్పుడు ముందర రెండు రేకులు వేసి టిఫిన్లు అమ్మేదాన్ని. మా చిన్నాడి పెళ్లయ్యాక వెనకాల తడికె కట్టి ఇంకో గది చేశాం. డబ్బులుంటే పైన వేసుకునేవాళ్లం. ఈ ఇంట్లో కోడలు వచ్చిందంటే ఇంకొకరు హాల్లో పడుకోవాలి, అంతే. మూడో అంతస్తులో ఇడ్లీలు ఎవరు కొంటారు? ఆవిడ షాపు పెట్టకపోతే కరెంటు బిల్లు మీరు కడతారా?

డల్లాస్ ప్రసాద్:
చిలీలో ఇకికే అనే ఊళ్లో 2004లో 93 కుటుంబాలకు, వాళ్లున్న చోటే, సగం ఇళ్లు కట్టారు. వంటగది, బాత్రూం, మెట్లు, బరువు మోసే గోడలు ముందే ఇచ్చి, పక్కన ఖాళీ వదిలారు. మిగతా సగం జనమే కట్టుకున్నారు.

సైటింజినీర్:
అక్కడ అంతస్తులు తక్కువ ప్రసాద్ గారూ. అదే స్థలంలో అందరికీ ఇళ్లు రావాలంటే ఇక్కడ జీ ప్లస్ త్రీ తప్పదు. మూడో అంతస్తులో ఖాళీ వదిలితే రేకులేస్తారు, తుపానుకి ఎగిరి ఎవరి మీదో పడతాయి. కుర్రోడికి ఒక్క మాట ఒప్పుకుంటా. కింద అంతస్తు రోడ్డు వైపు గుమ్మాలు డ్రాయింగ్‌లోనే పెట్టించుకోవాలి. ఒకసారి అచ్చు తయారైతే మార్చరు.

తాపీ వెంకన్న:
ఆ మాట పొద్దున్నే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

వార్డు కుర్రోడు:
కింద షాపులు ఇస్తే ఎవరికిస్తారు? లాటరీలో పైన పడ్డవాళ్లు ఊరుకుంటారా?

సైటింజినీర్:
అది ఇంజినీరు చెప్పేది కాదు. లక్ష్మి గారూ, మీ బ్లాకులో కూడా ఎవరైనా గోడ కోశారా? కోసినచోట రాడ్లు తెగి కనిపిస్తుంటే మీ మున్సిపల్ ఇంజినీరుకి వెంటనే రాసివ్వండి. ఉత్తరం నేను రాసి పెడతా.

మూడో అంతస్తు లక్ష్మి:
కోశారు. రాడ్లు కనిపిస్తున్నాయి. రాయండి, అందరం సంతకాలు పెడతాం. ఆ గుమ్మం మూసేస్తే ఆవిడ కొట్టు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అందులోనే రాయండి.