పెరట్లో పసిరిక పాము: చంపాలా, వదిలేయాలా?

మల్లెపందిరి: మా పందిరి మీద పచ్చటి పాము ఉంది. తాడులా సన్నగా, మూతి కోసుగా ఉంది. పసిరిక పాము అంటున్నారు. కళ్లు పొడుస్తుంది, కొట్టేయండి అంటున్నారు మా అత్తయ్య. ఏం చేయమంటారు?

తూర్పుకనుమ: వదిలేయండి. మూతి అలా ఉంటే పసిరికే. కంటిపాప కూడా అడ్డంగా ఉంటుంది. తొండలు, బల్లులు, కప్పలు తిని బతుకుతుంది. కళ్లు పొడవడం వట్టి మాట. బెదిరితే ఒళ్లు ఉబ్బించి నోరు తెరుస్తుంది, పొలుసుల మధ్య నలుపు తెలుపు చారలు బయటపడతాయి. దానికే జనం హడలిపోతారు. విషం లేదు.

పొలంగట్టు: "విషం లేదు" అని రాయకండి. ఉంది. కోరలు పైదవడలో వెనక ఉంటాయి.

తూర్పుకనుమ: ఉన్నది బల్లిని పడగొట్టేంత. మనిషికైతే కాస్త నొప్పి, వాపు.

పొలంగట్టు: అంటే ఉన్నట్టా, లేనట్టా?

చిన్నబాబు: గుడ్లు పెట్టకముందే తోలేయండి.

తూర్పుకనుమ: పసిరిక గుడ్లు పెట్టదు బాబూ, పిల్లల్ని కంటుంది. ఇంకో మాట, మన దగ్గరిదీ శ్రీలంకదీ వేర్వేరు జాతులని 2020లో తేల్చారు.

పొలంగట్టు: శ్రీలంక ఎందుకండీ ఇప్పుడు? ఇలాంటి పోస్టే చదివి మా బంధువుల కుర్రాడు, పచ్చపాము ఏం చేయదులే అని చేత్తో పట్టుకున్నాడు. అది వెదురు పొదల్లో తిరిగే పిట్ వైపర్. మోచేతి దాకా వాచింది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకే. దీనికి కాదు.

తూర్పుకనుమ: దాని తల త్రికోణంలా, ఒళ్లు బొద్దుగా ఉంటుంది. ఇక్కడ అడిగింది సన్న పాము గురించి. ఆ కోపం పసిరిక మీద ఎందుకు? కనిపించిందల్లా చంపడమేనా మీ పద్ధతి?

రేవతి: ఇద్దరూ కాస్త తగ్గండి.

పొలంగట్టు: చంపమని ఎక్కడన్నాను? పైనుంచి చదవండి. ఫొటో కూడా అడగకుండా తేల్చేశారు, అదీ నా గొడవ. రేపు ఆ పందిరి కింద పూలు కోసేది మీరు కాదు.

తూర్పుకనుమ: ఫొటో కోసం కూర్చుంటే ఈలోగా వాళ్ల అత్తయ్యగారు కర్ర తీసేవారు. అందుకే వెంటనే చెప్పాను.

పొలంగట్టు: మీ తొందర పాము కోసం. ఆవిడ చెయ్యి సంగతి ఎవరికీ పట్టదు.

మల్లెపందిరి: అండీ, మా వారు దగ్గరికి వెళ్లనంటున్నారు. మేడ మీంచి జూమ్ చేసి తీసి పెడతా. అంతవరకు పూలు కోయొద్దని అత్తయ్యకి చెప్పాను, కర్ర కూడా దాచేశాను.