ఫైబర్‌గ్లాస్ ఫ్లోర్‌కే సీటు బిగించొచ్చా, షాసీ దాకా వెళ్లాలా?

పాతబోల్టు: నాది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. బాడీ, ఫ్లోర్ ఫైబర్‌గ్లాస్, కింద స్టీల్ షాసీ (కారు మోసే చట్రం). కొత్త బకెట్ సీట్ల పట్టాలు పాత రంధ్రాలకు కలవడం లేదు. ఫ్లోర్‌కి కొత్త రంధ్రాలు వేసి, కింద ప్లేట్లు పెట్టి బిగిస్తే సరిపోతుందా?

మూడోగేరు: సరిపోతుంది. పదకొండేళ్లుగా నాది అలాగే ఉంది. రేసింగ్‌కి ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) అడిగేది కూడా ఒక్కో సీటుకి కనీసం నాలుగు చోట్ల 8 మి.మీ. బోల్టులు, ఒక్కో చోట 40 చదరపు సెంటీమీటర్ల ఆనిక, 3 మి.మీ. స్టీల్ ప్లేటు. అంతే.

గ్రీజుచేతులు: అది కనీసం. మామూలు కార్ల స్టీల్ రేకు వంగి ఆగుతుంది, ఫైబర్‌గ్లాస్ పగులుతుంది. బోల్టు కింద రెజిన్ (గాజు పోగుల్ని పట్టి ఉంచే జిగురు) మెల్లగా నలిగి బిగువు పోతుంది. నా కారుకి ఒక వర్క్‌షాపులో ఫ్లోర్‌కే బిగించి ఇచ్చారు. ఏడాది తిరక్కముందే గట్టిగా బ్రేకు వేస్తే సీటు లేచింది. విప్పి చూస్తే రంధ్రాలు కోలగా సాగిపోయాయి, చుట్టూ పగుళ్లు. ఆ రోజు ఆ సీట్లో మా అమ్మాయి కూర్చుని ఉంది.

మూడోగేరు: కింద ప్లేట్లా, వాషర్లా?

గ్రీజుచేతులు: వాషర్లే. అయితే ఏంటి?

మూడోగేరు: అయితే తప్పు వాషర్లది, ఫ్లోర్‌ది కాదు. 1957 నాటి లోటస్ ఎలీట్ కారుకి అసలు షాసీయే లేదు, బాడీ మొత్తం ఫైబర్‌గ్లాసే.

ఎర్రస్పానర్: ఎలీట్‌లో కూడా బరువు పడే చోట్ల లోపల స్టీల్ అతికించారండీ.

మూడోగేరు: నేను చెప్పే ప్లేటు పనీ అదే కదా!

గ్రీజుచేతులు: మీకు వాషర్ తప్ప ఇంకేం కనబడటం లేదు. సీటు లేచినప్పుడు మా అమ్మాయిని పట్టుకున్నది ఏదీ లేదు. బెల్టు కూడా సీటుతోనే లేచింది.

మూడోగేరు: ఆగండి. బెల్టు సీటుతో ఎందుకు లేస్తుంది? నా బెల్టులు మూడు చోట్లా షాసీకే ఉన్నాయి.

గ్రీజుచేతులు: నాకు బకిల్ (బెల్టు గుచ్చే లాక్) సీటు పట్టాకే ఉంది. చాలా సీట్లకి అంతే.

మూడోగేరు: ఈ మాట మొదటే చెప్పాల్సింది. 15 కిలోల సీటు ఒక్కటే అయితే 20 జీ దెబ్బకి, అంటే బరువుకి 20 రెట్లు, 300 కిలోల లాగుడు. 75 కిలోల మనిషి బరువు కూడా బెల్టు ద్వారా సీటు మీదే పడితే 1,800 దాకా పోవచ్చు. అలా ఉంటే నేనూ షాసీకే బిగించమంటాను. బెల్టు విడిగా ఉన్నవాళ్లకి మాత్రం ఫ్లోర్, ప్లేట్లు చాలు.

గ్రీజుచేతులు: చాలవు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మనిషి బరువంతా సీటు వీపు మీదే పడుతుంది. అప్పుడు బెల్టు ఎక్కడుంటే ఏం?

మూడోగేరు: దానికి ప్లేటు పెద్దది చేస్తే చాలు. వెనక బోల్టుల కింద రెండింటికీ కలిపి ఒకే పట్టీ వేశాను.

ఎర్రస్పానర్: షాసీకి వెళ్లేవాళ్లు బాడీ తియ్యకుండా వెల్డింగ్ పెట్టకండి, రెజిన్ అంటుకుంటుంది. అడ్డపట్టీ చేసి బోల్టులతో బిగించండి.

పాతబోల్టు: ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. నా బకిల్ కూడా సీటు పట్టాకే ఉంది. డ్రిల్ లోపల పెట్టేశాను. ఎర్రస్పానర్ గారూ, మీరు చెప్పిన అడ్డపట్టీ షాసీకి ఎక్కడ పడుతుందో ఒక ఫొటో పెడతారా?